విశాఖ నుంచి భీమిలి దాకా: రాళ్ల తీరం వెంబడి పరుగుకు ఏ దారి మేలు?

గోదారిగట్టు, రాజమహేంద్రవరం
సభ్యులకు నమస్కారం. ఉద్యోగరీత్యా డిసెంబరు నుంచి కొన్ని నెలలు విశాఖపట్నంలో ఉండబోతున్నాను. ఇన్నాళ్లూ గోదావరి గట్టు మీద, చదునైన నేల మీద పరుగెత్తడానికి అలవాటుపడినవాడిని కనుక, కొండలు నేరుగా సముద్రంలోకి దిగే తీరం వెంబడి పరుగెత్తాలన్న కోరిక బలంగా ఉంది. ఆర్కే బీచ్ కాలిబాట గురించి అందరూ చెబుతారు. నాకు కావలసింది అది దాటిన తరువాతి సంగతి. పది నుంచి ఇరవై కిలోమీటర్ల మధ్యలో ఏ భాగాన్ని ఎంచుకోవాలి, రోడ్డు మీద పరుగెత్తాలా ఇసుక మీదనా, ఎండకూ వాహనాలకూ చిక్కకుండా ఏ వేళకు బయలుదేరాలి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

కైలాసగిరి వాలు, విశాఖపట్నం
గోదారిగట్టు గారూ, ఈ తీరాన్ని ఒకే దారిగా చూడకండి. దీని స్వభావం మూడు చోట్ల మారుతుంది.

మొదటిది కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా ఉన్న మూడు, నాలుగు కిలోమీటర్లు. కాళికాలయం, కురుసుర జలాంతర్గామి, యుద్ధవిమానాల మ్యూజియం అన్నీ ఈ ముక్కలోనే ఉన్నాయి. తెల్లవారుజామున కొన్ని గంటలు ఇక్కడ వాహనాలను ఆపేస్తారు కాబట్టి రోడ్డు మధ్యలోనే పరుగెత్తవచ్చు. కానీ అది తోడుకోసం, వేగం పెంచుకునే సాధన కోసం వెళ్లవలసిన చోటు. మీరడిగిన కరకు అందం అక్కడ లేదు.

రెండవది అప్పూఘర్ దాటి తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ మీదుగా ఋషికొండ దాకా సాగే భాగం. నా అభిప్రాయంలో మొత్తం తీరంలో దీనికి సాటి లేదు. పార్కు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఎత్తుకు ఎక్కుతుంది. ఎడమ చేతి వైపు కైలాసగిరి నిటారుగా లేస్తుంది. కుడి చేతి వైపు పిట్టగోడకు అవతల నల్లటి బండలు, వాటి మీద విరిగే కెరటాలు. కొండకూ కడలికీ మధ్య రోడ్డుకు తప్ప మరి దేనికీ చోటు లేని ఆ కొద్ది దూరంలో గాలి ఒక్కసారిగా మారిపోవడం ఒంటికి తెలుస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం సమయంలో బంగ్లాదేశ్‌కు చెందిన సరుకు నౌక ఒకటి కొట్టుకువచ్చి ఇరుక్కుపోయింది ఈ పార్కు కిందనే. అక్కడి సముద్రానికి ఎంత బలముందో దాన్నిబట్టి ఊహించుకోండి.

మూడవది ఋషికొండ నుంచి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి దాకా. ఇది పొడవైనది, ఎండ ఎక్కువ, నీడ తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు కైలాసగిరి మీదా ఈ రోడ్డు వెంబడీ ఎన్నో చెట్లు కూలిపోయాయి. తిరిగి నాటినవి చాలా చోట్ల ఇంకా గొడుగు పట్టేంత ఎదగలేదు. అందుకే ఏడు దాటిన తరువాత ఈ భాగంలో ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

రాతిబాట, విజయనగరం
పై సభ్యులు చెప్పిన ‘నల్లటి బండల’ గురించి నాలుగు మాటలు, ఎందుకంటే కాలు ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ జారుతుందో చెప్పేది రాయే. ఇక్కడ తూర్పు కనుమల కొసలు తీరం దాకా వచ్చి ఆగుతాయి. కైలాసగిరి, డాల్ఫిన్ నోస్, తొట్లకొండ అన్నీ ప్రధానంగా ఖోండలైట్ అనే శిలతో ఏర్పడినవే. తెన్నేటి పార్కు కింద ఏదైనా పొడి బండను దగ్గరగా చూడండి. తుప్పు రంగు పూత కింద సెనగగింజంత ఎర్రటి గోమేధికాలు (గార్నెట్లు) పొదిగినట్టు కనిపిస్తాయి, వాటి చుట్టూ రాయి పొరలు పొరలుగా విడిపోతూ ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఆ గరుకుదనం వల్ల బూటుకు మంచి పట్టు దొరుకుతుంది. కెరటం తాకే ఎత్తు దగ్గర మాత్రం పచ్చటి నాచు పొర ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన బూటయినా జారుతుంది. పార్కు నుంచి బండల మీదికి దిగి పరుగెత్తే ప్రయత్నం దయచేసి ఎవరూ చేయకండి. బండల మధ్యకు పడితే తరువాతి కెరటం లేవనివ్వదు.

అదే శిల వందల తరాలుగా అరిగిపోయి ఇసుకలో కలుస్తుంది. భీమిలి వైపు తడి ఇసుక మీద కనిపించే నల్లటి, ఎర్రటి చారలు ఇల్మెనైటు, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలవి. కెరటం వెనక్కి వెళుతూ తేలికైన ఇసుకను లాగేసుకుని బరువైన వాటిని ఒడ్డున విడిచిపెడుతుంది.

కొత్తబూటు, అనకాపల్లి
ఇసుక సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఇసుక మీద పరుగెత్తితే కాళ్లకు బలం వస్తుందని అందరూ అంటారు. ఆర్కే బీచ్ ఇసుక మీద వారమంతా పరుగెత్తవచ్చునా? వట్టి కాళ్లతో అయితే ఇంకా మంచిదా?

నడుముకట్టు, విశాఖపట్నం
నేను ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను, కనుక ఈ ప్రశ్నకు కాస్త వివరంగా సమాధానం చెబుతాను.

ఇసుక మీద పరుగెత్తితే కాలికి ఎక్కువ పని పడుతుందన్నది నిజమే, ఎందుకంటే అడుగు వేసిన ప్రతిసారీ నేల కొంత కిందికి జారి, మీరు తోసిన బలంలో కొంత భాగాన్ని మింగేస్తుంది. ఆ అదనపు పని ఎక్కువగా పిక్క కండరాల మీద, మడమ వెనుక స్నాయువు (అకిలిస్ టెండన్) మీద పడుతుంది. రోడ్డుకు అలవాటుపడిన కాలును ఒక్కసారిగా మెత్తటి ఇసుకలోకి దించితే రెండు వారాలు తిరక్కుండానే మడమ నొప్పితో మా దగ్గరికి వస్తారు.

అంతకన్నా ముఖ్యమైనది వాలు. మన తీరం చాలా చోట్ల సముద్రం వైపు బాగా వాలుగా ఉంటుంది. గట్టిగా ఉంటుందని తడి ఇసుకను ఎంచుకుంటే, భీమిలి వైపు వెళ్లేటప్పుడు కుడి కాలు ఎప్పుడూ పల్లంలో, ఎడమ కాలు ఎప్పుడూ ఎత్తులో పడుతుంది. అలా నాలుగైదు కిలోమీటర్లు సాగితే మోకాలి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. వచ్చిన దారినే అంతే దూరం వెనక్కి పరుగెత్తితే రెండు కాళ్ల మీదా భారం సమం అవుతుంది; ఒక వైపు మాత్రమే పరుగెత్తి ఆటోలో తిరిగి వచ్చేవారికే ఇబ్బంది.

ఆటుపోట్లు చూసుకోండి. విశాఖలో పౌర్ణమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటుంది. పాటు సమయంలో వెడల్పుగా, గట్టిగా, దాదాపు చదునుగా బయటపడే ఇసుక పరుగుకు చక్కగా ఉంటుంది. పోటు సమయంలో అదే చోట మెత్తటి వాలు తప్ప ఏమీ మిగలదు. వారానికి ఒకసారి, ఇరవై నిమిషాలకు మించకుండా, పాటు వేళ చూసుకుని ఇసుక మీదికి దిగండి. వట్టి కాళ్లతో వద్దు. గాజు పెంకులు, గాలాలు, వలల తాళ్లు ఎక్కడ ఉంటాయో చీకట్లో కనిపించదు.

కైలాసగిరి వాలు, విశాఖపట్నం
నడుముకట్టు గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఆర్కే బీచ్‌లో ఇసుక ఏటేటా ఒకేలా ఉండదు. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతూ ఉంటుంది. ఔటర్ హార్బరు అలల అడ్డుగోడలు ఆ కదలికను ఆపేశాయి. అందుకని ఓడరేవువారు అక్కడ చేరిన ఇసుకను తవ్వి, గొట్టాల ద్వారా ఆర్కే బీచ్‌కు పంపుతూ ఉంటారు. పోసిన కొత్తలో బీచ్ వెడల్పుగా ఉంటుంది, తుపానుల కాలం దాటాక కోత పడి మనిషి నడుమెత్తు గట్టులా తెగిపోతుంది. నిరుడు పరుగెత్తిన చోట ఈసారి ఇసుక ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఉక్కుపాళీ, గాజువాక
అందరూ ఉత్తరం వైపే చూస్తున్నారు, దక్షిణాన యారాడ ఉన్నదన్న సంగతి మరచిపోయినట్టున్నారు. సింధియా వైపు నుంచి యారాడ వెళ్లే రోడ్డు డాల్ఫిన్ నోస్ కొండను ఎక్కి అవతలి వైపు దిగుతుంది. ఎక్కుడు నిజంగా ఎక్కుడే. మలుపులు తిరిగే కొద్దీ ఒక వైపు ఓడరేవు క్రేన్లు, చమురు ట్యాంకులు, నౌకలు కిందికి జారిపోతుంటాయి, శిఖరం దాటిన తరువాత మలుపులో మాత్రం ఊరు, కొబ్బరితోటలు, మూడు వైపులా కొండలు కమ్ముకున్న బీచ్ ఒక్కసారిగా కనిపిస్తాయి. కొండ పరుగు సాధన చేయాలనుకునేవారికి విశాఖలో ఇంతకన్నా మంచి దారి లేదని నేను గట్టిగా చెబుతాను.

రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. కొండ మీద చాలా భాగం నౌకాదళం అధీనంలో ఉన్నది కనుక రోడ్డు విడిచి పక్కదారులు తొక్కవద్దు, ఫోటోలు తీయవద్దు. దిగుడులో వేగం తగ్గించండి. లారీలు, సెలవు రోజుల్లో కార్లు ఎదురుగా మలుపు కోసుకుంటూ వస్తాయి. ఆదివారం ఉదయం ఏడున్నర దాటితే ఆ దారి పరుగుకు పనికిరాదు.

ఎర్రనేల, భీమునిపట్నం
మా ఊరి వైపు సంగతి నేను చెబుతాను. ఎర్రమట్టి దిబ్బల్లో పరుగు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. వర్షపు నీరు కోసిన గల్లీలలో, ఇరువైపులా ఇటుక రంగు గోడల మధ్య, తాటిచెట్ల కింద పరుగెత్తడం వేరే లోకంలో పరుగెత్తినట్టు ఉంటుంది. నేల మెత్తగా, వాలు లేకుండా ఉంటుంది, వాహనాలు ఉండవు. ట్రైల్ రన్నింగ్, అంటే మట్టిదారుల్లో పరుగు, ఇష్టపడేవారు తప్పకుండా రావాలి.

రాతిబాట, విజయనగరం
ఎర్రనేల గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. ఆ దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. గత హిమయుగంలో సముద్రం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా కిందికి వెళ్లినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎగరేసి తెచ్చి పోసిందనీ, తరువాత ఇనుప ఆక్సైడ్లు రేణువులను పూతలా అంటుకుని ఎరుపెక్కాయనీ శాస్త్రవేత్తల వివరణ. ఇటువంటివి మళ్లీ తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప దక్షిణాసియాలో కనిపించవు. అవి గట్టి రాయి కావు. గోరుతో గీకితే రాలిపోయే పాటి అతుకు వాటిది. ఒక మనిషి గట్టెక్కి దిగితే పడే గాడిని తరువాతి వాన పట్టుకుని కాలువ చేస్తుంది. పది మంది గుంపుగా వచ్చి పోతే ఆ నష్టం పూడేది కాదు. నడిచి చూడండి, గల్లీ అడుగున మాత్రమే తిరగండి. పరుగుకు మరెన్నో చోట్లున్నాయి.

ఎర్రనేల, భీమునిపట్నం
గోడలెక్కమని నేనూ అనలేదండీ. కానీ సినిమా చిత్రీకరణలకు వాహనాలు లోపలికి వచ్చిన రోజుల్లో లేని అభ్యంతరం ఇద్దరు ముగ్గురు రన్నర్ల దగ్గర రావడం ఊరివాళ్లకు వింతగా అనిపిస్తుంది. మొదట ఆపవలసింది పక్కన మట్టి తవ్వకాలను, కట్టడాలను. అయినా గుంపులుగా రావద్దన్న మాటతో ఏకీభవిస్తాను. వానాకాలంలో అసలే వద్దు. పైన కురిసిన వాన ఈ గల్లీలలోకి ఎంత వేగంగా దిగుతుందో బయటివాళ్లకు తెలియదు.

ఉషోదయం, విశాఖపట్నం
ఇక్కడ ఇప్పటిదాకా మాట్లాడినవారంతా పురుషులేననుకుంటాను, ఎందుకంటే ఒంటరిగా పరుగెత్తే స్త్రీకి మొదట గుర్తొచ్చే సంగతులు ఎవరూ చెప్పలేదు. వుడా పార్కు దాకా ఉన్న భాగంలో తెల్లవారుజామున నాలుగున్నరకే జనం ఉంటారు, దీపాలుంటాయి, పోలీసులుంటారు. అక్కడ ఒంటరిగా వెళ్లడానికి నేను వెనుకాడను. తెన్నేటి పార్కు నుంచి ముందుకు మాత్రం వెలుతురు వచ్చాకే వెళతాను, అదీ కనీసం మరొకరితో. జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్ మధ్య కుక్కల గుంపులు తెల్లవారకముందు వెంటపడతాయి. వాటిని చూసి వేగం పెంచకుండా నడకకు దిగి, ఎదురుగా నిలబడితే చాలా సార్లు వదిలేస్తాయి.

ఋషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, సదుపాయాలు చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చినప్పటి నుంచి అక్కడ మరుగుదొడ్లు, మంచినీళ్లు ఉన్నాయి కాబట్టి దూరపు పరుగుకు దాన్ని మధ్యలో ఆగే చోటుగా పెట్టుకుంటాము. చెమటతో వేడెక్కి ఉన్నాం కదా అని నీళ్లలోకి దిగకండి. ఈ తీరమంతటా ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సందే తరచుగా అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

సూర్యుడి సంగతి కూడా చూడండి. మే నెలాఖరుకు విశాఖలో సూర్యోదయం ఐదూ ఇరవై ప్రాంతంలో, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. అంటే డిసెంబరు, జనవరిలో గంటకు పైగా ఎక్కువ చల్లదనం దొరుకుతుంది. వేసవిలో చల్లదనం ఉండదు, తక్కువ వేడి మాత్రమే ఉంటుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఆ నెలల్లో దూరాన్ని కాక సమయాన్ని లెక్కపెట్టుకుని పరుగెత్తండి.

పడమటికోన, కాలిఫోర్నియా
విశాఖలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్నాను. బిగ్ సర్ మారథాన్ 1986 నుంచి జరుగుతోంది. ఒకటో నంబరు హైవేను ఆ ఉదయం వాహనాలకు మూసివేసి, బిగ్ సర్ నుంచి కార్మెల్ వైపు పరుగెత్తిస్తారు. హరికేన్ పాయింట్ అనే ఎత్తును ఎక్కి దిగిన తరువాత, సరిగ్గా సగం దూరంలో బిక్స్‌బీ వంతెన వస్తుంది. నేను అందులో పాల్గొన్నాను కనుక చెబుతున్నాను: కొండ, రోడ్డు, కడలి కలిసే తీరులో తెన్నేటి పార్కు మలుపు దానికి తీసిపోదు. తేడా అంతా పొడవులోనే. అక్కడ అటువంటి దృశ్యం గంటల తరబడి సాగుతుంది, ఇక్కడ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇంకొకటి, అక్కడ సూర్యుడు కొండల వెనుక నుంచి వస్తాడు కనుక ఉదయమంతా రోడ్డు చాలా చోట్ల నీడలో ఉంటుంది. మన తూర్పు తీరంలో మొదటి కిరణం నుంచే ముఖాన పడుతుంది. విశాఖలో కూడా నేవీ మారథాన్ నాడు, అంటే నవంబరులోనో డిసెంబరులోనో, బీచ్ రోడ్డులో వాహనాలు లేకుండా పరుగెత్తే అవకాశం ఉంటుంది. గోదారిగట్టు గారు డిసెంబరులో వస్తున్నారు కాబట్టి తేదీ చూసుకోండి.

ఎర్రనేల, భీమునిపట్నం
తొట్లకొండ గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. బీచ్ రోడ్డు నుంచి కొండ మీది బౌద్ధారామం దాకా మంచి రోడ్డుంది. పైన ఎత్తు సముద్రమట్టానికి 128 మీటర్లు. కాబట్టి దాదాపు సున్నా నుంచి ఆ ఎత్తు మొత్తం మీ కాళ్లతోనే ఎక్కాలి. పైన ఇటుక స్తూపాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉంటాయి. ద్వారం తెరిచే వేళ ముందుగా కనుక్కుని వెళ్లండి, లోపల మాత్రం నడవండి. ఎదురుగా కింద మంగమారిపేట ఒడ్డున పాటు సమయంలో సహజ శిలాతోరణం బయటపడుతుంది. కొండ దిగాక ఊపిరి సర్దుకోవడానికి అక్కడిదాకా నడిస్తే సరిపోతుంది.

ఒక విన్నపం. మంగమారిపేట, చేపలుప్పాడ ఊళ్లలో బీచ్ అంటే విహారస్థలం కాదు, పనిచేసే చోటు. పొద్దున్నే తెప్పలు ఒడ్డుకు చేరతాయి, వలలు పరిచి ఉంటాయి, ఎండబెట్టిన చేపలుంటాయి. వలల మీద నుంచి దూకుతూ పరుగెత్తేవారిని చూసి మా వాళ్లు ఏమీ అనరు కానీ, నచ్చదు. పక్కగా వెళ్లండి. జనవరి నుంచి మూడు, నాలుగు నెలలు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. ఆ నెలల్లో చీకట్లో ఇసుక మీద తలకు తెల్లటి లైటు పెట్టుకుని పరుగెత్తకండి. ఆ వెలుగుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతాయి. రోడ్డు మీద ఉంటే ఏ గొడవా లేదు.

గోదారిగట్టు, రాజమహేంద్రవరం
అందరికీ కృతజ్ఞతలు. నేను అనుకుంటున్నది ఇది: వారం మధ్యలో అప్పూఘర్ నుంచి ఋషికొండ దాకా వెళ్లి రావడం, నెలకు ఒకసారి యారాడ కొండ, మరొకసారి తొట్లకొండ. దూరపు పరుగుకు మాత్రం ఋషికొండ నుంచి భీమిలి దాకా వెళ్లి, బస్సులో తిరిగి రావాలనుకుంటున్నాను. ఇందులో మార్చవలసింది ఏమైనా ఉన్నదా?

కైలాసగిరి వాలు, విశాఖపట్నం
దూరపు పరుగును తిప్పివేయండి. తెల్లవారుజామున 900కె బస్సులో భీమిలి వెళ్లి, అక్కడి నుంచి నగరం వైపు పరుగెత్తండి. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. భీమిలి వైపు పరుగెత్తితే ఉదయపు సూర్యుడు కుడి ముందు వైపు నుంచి కళ్లలో పొడుస్తాడు; నగరం వైపు పరుగెత్తితే ఎడమ భుజం వెనుక ఉంటాడు. డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలి కూడా వీపు తట్టి పంపుతుంది. జూన్ నుంచి గాలి నైరుతికి మారుతుంది కాబట్టి అప్పుడు ఆ లాభం పోయి ఎదురుగాలి అవుతుంది, ఎండ లాభం మాత్రం మిగులుతుంది.

ఉషోదయం, విశాఖపట్నం
దానికి ఒక ధర ఉందని కూడా చెప్పాలి. భీమిలి వైపు వెళ్లేటప్పుడు సముద్రం వైపు అంచున పరుగెత్తితే వాహనాలు ఎదురుగా వస్తాయి, కంటికి కనిపిస్తాయి. నగరం వైపు వచ్చేటప్పుడు అదే అంచున ఉంటే అవి వెనుక నుంచి వస్తాయి. కాబట్టి నగరం వైపు పరుగెత్తేవారు కాలిబాట లేని చోటల్లా కొండ వైపు అంచుకు మారాలి, చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు. కాలిబాట దొరికిన దగ్గర, ముఖ్యంగా తెన్నేటి పార్కు పిట్టగోడ దగ్గర, తిరిగి సముద్రం వైపుకు రావచ్చు.

గోదారిగట్టు, రాజమహేంద్రవరం
అలాగే చేస్తాను. భీమిలిలో బస్సు దిగి, తొలి కిలోమీటరు గోస్తనీ సంగమం వైపు నెమ్మదిగా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి కొండ వైపు అంచు పట్టుకుని ఋషికొండ దాకా వస్తాను. నేవీ మారథాన్ తేదీ ప్రకటించగానే ఎవరైనా ఇక్కడ ఒక మాట రాయగలరు.